బాతు నెత్తురు, దర్జీ నెత్తురు

ఆమెను అందరూ బాతులమ్మ అనేవారు. పెద్ద డాక్టరుగారి దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అదే పిలుపు. ఎవరైనా పొరపాటున అసలు పేరు పెట్టి పిలిస్తే, తనని కాదనుకుని పక్కకి జరిగి వెనకున్నవాళ్ళకి దారిచ్చేది.

వైరస్ పరిశోధన కేంద్రం వెనకవైపు, బాయిలరు గదికీ ప్రహరీకీ మధ్య, ఇనుప జాలీ బిగించిన పొడుగాటి షెడ్డు ఉండేది. అందులో తెల్లటి పెద్దబాతులు. నిలబడితే మనిషి నడుముదాకా వచ్చేవి, మెడ చాచి పాములా బుసకొట్టే రకం. వాటిని చూసుకోవడానికి పెట్టుకున్న మనుషులు ఒకరి తర్వాత ఒకరు పలాయనం చిత్తగించారు. చివరివాడు పిక్క మీద పడ్డ కాటు అందరికీ చూపించి, కుక్కల దగ్గరైనా పని చేస్తాను గానీ వీటి జోలికి రానని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికి ఆమె గాజుసామాను కడిగే గదిలో పని చేసేది. ఒకరోజు షెడ్డు గడియ సరిగ్గా పడక మగబాతు ఒకటి వరండాలోకి వచ్చేసి, గుమాస్తాలందరినీ బల్లలెక్కించింది. ఆమె సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చి, దాని రెక్కలు మడిచి చంకలో ఇరికించుకుని, మారాం చేస్తున్న పిల్లాణ్ణి బడికి మోసుకెళ్ళినట్టు మోసుకెళ్ళి షెడ్డులో దింపింది. మర్నాటి నుంచి ఆ పని ఆమెదే. ఆ బాతుకి ఇన్‌స్పెక్టరు అని పేరు కూడా ఆమే పెట్టింది. లోపలికి ఎవరొచ్చినా ముందు కాళ్ళు, తర్వాత జేబులు తనిఖీ చేసేది మరి.

ఆ కేంద్రానికి పెద్ద ఒక డాక్టరమ్మ. పొట్టి మనిషి, మోచేతుల దాకా చొక్కా చేతులు మడుచుకుని, నడవడం తెలియనట్టు ఎప్పుడూ పరుగే. షెడ్డు పనిలో చేరిన రోజున బాతులమ్మ ఆవిణ్ణి అడిగింది. "గుడ్ల కోసమూ కాదు, కూర కోసమూ కాదు, ఎందుకండీ ఇన్ని బాతులు?"

"నెత్తురు కోసం" అంది డాక్టరమ్మ. "దోమల వల్ల మనుషులకొచ్చే వైరస్‌లలో చాలావాటికి బాతు నెత్తుటి కణాలు కనబడితే ఊరుకోబుద్ధి కాదు. వాటికి అంటుకుని, ఒకదాన్నొకటి అతికించేస్తాయి. వైరస్ మన కంటికి కనపడదు గానీ ఆ అతుకు కనపడుతుంది. ఆడబాతులది పనికిరాదు, గుడ్లు పెట్టే రోజుల్లో నెత్తురు తీరు మారిపోతుంది. మగవాటిదైతే స్థిరంగా ఉంటుంది."

"మగాళ్ళకి స్థిరం ఉంటుందన్న మాట ఇదే మొదటిసారి వినడం డాక్టరుగారూ" అంది బాతులమ్మ. డాక్టరమ్మ ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉంది.

బాతులమ్మ భర్త దర్జీ. వీధి వైపు గదిలోనే కుట్టుమిషను, గోడకి నిలువుటద్దం, మూలగా కొలతలిచ్చేవాళ్ళు నిలబడటానికి ఒక చెక్కపీట. నోరు తెరిస్తే మూతపడని మనిషి. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడికి వాళ్ళ తాతగారి నడుము చుట్టుకొలత కూడా చెప్పగలడు. పీట మీద ఎక్కినవాళ్ళు ఆ కబుర్లకి నవ్వి నవ్వి కదిలిపోయేవారు. "నవ్వకండి బాబూ, నడుము కొలత నవ్వుతో కలిపి రాసేస్తే తర్వాత నన్నంటారు" అనేవాడు. లోపలి గదిలోంచి అతని తల్లి, "వాడు మాటలతో కుడతాడు, గుడ్డ ఊరికే సాక్షి" అని అందించేది. ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. వినబడే గొంతులు మాత్రం పదిమందివి.

బాతు నెత్తురు తీసేటప్పుడు ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఒకరు రెక్క, ఒకరు మెడ. అయినా ఈకలూ, తిట్లూ, చిందిన నెత్తురూ. ఒక సాయంత్రం అన్నం తింటూ బాతులమ్మ ఆ గోల చెప్పుకుంది. దర్జీ చెయ్యి ఆపి, "దానికో కోటు కుట్టేస్తే పోలా?" అన్నాడు. హాస్యమనుకుని ఆమె పట్టించుకోలేదు. మర్నాడు మెడలో టేపు వేసుకుని షెడ్డు దగ్గరికి వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టరు ఎదురుగా గొంతుకూర్చుని, "రండి సార్. ఛాతీ బ్రహ్మాండంగా ఉంది, నడుమే దేవుడు మర్చిపోయాడు. కాలరు ఎంత పెట్టమంటారు?" అని అడిగాడు. సార్ టేపు కొస అందుకుని మింగబోయింది. కేంద్రంలో పనిచేసేవాళ్ళందరూ జాలీ బయట చేరి కడుపు పట్టుకుని నవ్వారు. వారం తిరక్కుండా మందపాటి కాన్వాసుతో ఒక కోటు తయారైంది. మెడకి ఒక కంత, కాళ్ళకి రెండు, నెత్తురు తీసే రెక్క కోసం పక్కన ఒక చీలిక, వీపు మీద ముడి. అది తొడిగితే చాలు, ఎంతటి బాతయినా పెళ్ళిచూపులకి కూర్చున్నంత బుద్ధిగా కూర్చునేది. బాతులమ్మ ఒక్కతే దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే డాక్టరమ్మ నిమిషంలో పని ముగించేది. దర్జీ అప్పటినుంచి ఎవరడిగినా, "ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుగారికి మేమే కుడతాం" అని చెప్పుకునేవాడు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక వదల్లేదు. తర్వాత ఎండలు కాశాయి. వీధి వెనక మురుగుకాలువ చెత్తతో పూడుకుపోయి, నీళ్ళు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. చీకటి పడకముందే దోమలు మేఘంలా లేచేవి. మొదట పాలబండి గుర్రం పడిపోయింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, తాగినవాడిలా తూలుతూ వచ్చి బేకరీ ముందు కూలిపోయి మళ్ళీ లేవలేదు. తర్వాత మనుషులకి జ్వరాలు మొదలయ్యాయి. చాలామందికి కొద్దిపాటి ఒళ్ళునొప్పులతో పోయింది. కొందరికి మాత్రం మెడ బిగుసుకుపోయి, మాట తడబడి, స్పృహ తప్పేది. బేకరీ ఆయన తండ్రి అలాగే పోయాడు. నీళ్ళలో ఏదో కలిసిందని కొందరు, ఒకరినుంచి ఒకరికి ఊపిరితో అంటుతోందని కొందరు అన్నారు. ఎదురుపడితే జనం మొహాలు తిప్పుకోవడం మొదలైంది.

బడిపంతులు ఒకరోజు మొహం అదోలా పెట్టుకుని చొక్కా పట్టుకొచ్చాడు. జేబు వీపు మీద కుట్టి ఉంది. "మీ ఆయన వేళాకోళానికి కూడా హద్దుండాలి కదమ్మా" అన్నాడు. బాతులమ్మ నవ్వబోయి, మిషను ముందు కూర్చున్న మనిషిని చూసింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జేబు ఎక్కడుండాలో చూపించమంటే చొక్కా అటూ ఇటూ తిప్పుతున్నాడు గానీ చూపించలేకపోతున్నాడు. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనం తాకినట్టు కాలింది.

ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజుకి అతను ఎవరినీ గుర్తుపట్టలేదు. తల్లి మంచం పక్కన కూర్చుని, "ఒరే, ఏదైనా ఒక పిచ్చి మాట మాట్లాడరా, ఇక నిన్ను నోరు ముయ్యమని అననురా" అని బతిమాలింది. డాక్టరమ్మ స్వయంగా వచ్చి అతని నెత్తురు కొంచెం తీసుకుంది.

"ఈ ఒక్కసారితో తేలదు" అంది వరండాలో బాతులమ్మతో. "ఒంట్లో వైరస్ పడితే దాన్ని ఎదిరించేవి నెత్తుట్లో తయారవుతాయి. ఈ రోజు తక్కువ ఉండి, రెండు మూడు వారాల తర్వాత బాగా పెరిగాయనుకో, అప్పుడు ఇది ఇప్పటి జబ్బే, ఫలానా దానివల్లే అని చెప్పొచ్చు."

"అప్పటిదాకా?"

"దీనికి మందు లేదు. జ్వరం దించడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, ఊపిరి కనిపెట్టుకుని ఉండటం. అంతే. ఆయన ఒళ్ళే పోరాడాలి. నీకు అబద్ధం చెప్పలేను."

బాతులమ్మ ఏడవలేదు. "మరి నేనేం చెయ్యను?" అని మాత్రం అడిగింది.

"నీ బాతుల్ని సరిగ్గా మేపు. ఈ నెల వాటితో చాలా పనుంది."

ఆమె పొద్దున్నే షెడ్డులో పని ముగించుకుని ఆసుపత్రికి వచ్చేది. మధ్యాహ్నం అత్తగారిని కూర్చోబెట్టి మళ్ళీ షెడ్డుకి. అక్కడ డాక్టరమ్మ మనుషులు కాలువ గట్టున వలలేసి పట్టిన దోమల్ని జాతుల వారీగా ఏరి, నూరి, ఆ రసం చిట్టెలుక పిల్లలకి ఎక్కించారు. అవి జబ్బుపడ్డాయి. అంటే దోమల్లో వైరస్ ఉంది. ఏ వైరస్ అన్నదే ప్రశ్న.

మూడో వారానికి దర్జీ కళ్ళు తెరిచాడు. భార్య మొహం చాలాసేపు చూసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మాట రాలేదు. కుడి కాలు కదలలేదు. అయినా ఆ చేతి పట్టు చూసి ఆమెకి పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. ఆ రోజే డాక్టరమ్మ రెండోసారి నెత్తురు తీసుకుంది.

పరీక్షకి కావలసిన బాతు నెత్తురు ఇన్‌స్పెక్టరుదే ఇస్తానంది బాతులమ్మ. కోటు తొడిగి ఒళ్ళో పెట్టుకుంటే, ఆ కుట్లు చూసి ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఇన్‌స్పెక్టరు ఆమె చెవికమ్మ పట్టుకు లాగింది. "ఇదొకటి, సమయం సందర్భం లేదు" అని విసుక్కుంది. ఆ విసుగు ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది.

మర్నాడు డాక్టరమ్మ ఆమెని లోపలికి పిలిచి బల్ల మీద పలక చూపించింది. నిండా చిన్న చిన్న గుంటలున్న పలక. కొన్ని గుంటల్లో ఎరుపు పల్చగా, దుప్పటి పరిచినట్టు అడుగంతా పరుచుకుని ఉంది. కొన్నింట్లో మధ్యలో ముద్దగా, చిన్న గుండీలా దిగి ఉంది.

"దుప్పటిలా ఉన్నచోట వైరస్‌దే ఇష్టారాజ్యం. నీ ఇన్‌స్పెక్టరు కణాలన్నిటినీ అతికించేసింది. గుండీలా ఉన్నచోట దాని ఆటలు సాగలేదు. మీ ఆయన నెత్తుట్లో ఉన్నవి వైరస్‌ని ముందే పట్టేసుకున్నాయి. దానికి చెయ్యి ఆడలేదు, కణాలు వాటి దారిన అవి కిందికి దిగిపోయాయి. ఈ వరస జ్వరం మొదట్లో తీసిన నెత్తురు. ఈ వరస మొన్న తీసింది."

మొదటి వరసలో గుండీలు ఒకటి రెండు. రెండో వరసలో ఆ చివరిదాకా గుండీలే. బాతులమ్మ వంగి చూసింది. మంచం మీద కదలకుండా పడి ఉన్న మనిషి లోపల ఇంత యుద్ధం చేశాడా అనుకుంది. "ఊరికే పడుకోలేదన్న మాట" అంది మెల్లగా.

"ఊరికే పడుకోలేదు" అంది డాక్టరమ్మ. "ఇక దాని సంగతి విను. వీటికీ మనలాగే ఇంటిపేర్లుంటాయి. ఒక ఇంటివాళ్ళని 'ఏ' గుంపు అంటాం, ఇంకో ఇంటివాళ్ళని 'బీ' గుంపు. మీ ఆయన నెత్తురు 'ఏ' వాళ్ళని కన్నెత్తి చూడలేదు. 'బీ' వాళ్ళు ఎవరొచ్చినా గుమ్మంలోనే ఆపేసింది."

"అయితే దొంగ దొరికినట్టేగా?"

"ఇంటిపేరు దొరికింది. ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు. పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, తెచ్చేది అందరికీ పెద్ద, డెంగీ తెచ్చేవి ఉన్నాయి, మెదడువాపు తెచ్చేవి కొన్ని. పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లల్లా అందరివీ ఒకే పోలికలు. ఈ పరీక్షకి ఆ పోలికే తెలుస్తుంది, మనిషెవరో తెలియదు. దానికి ఇంకో పరీక్ష ఉంది. ఒక్కొక్క వైరస్‌నీ మీ ఆయన సీరంతో, అంటే నెత్తుట్లోంచి వేరుచేసిన పల్చటి ద్రవంతో, కలిపి చిట్టెలుకలకి ఇస్తాం. ఏ వైరస్‌ని అది పూర్తిగా చంపేస్తుందో, అదే మీ ఇంటికి వచ్చింది."

ఆ రెండో పరీక్ష కూడా అయింది. వెస్ట్ నైల్ అన్నారు. ఆ పేరేమిటని బాతులమ్మ అడిగితే డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడో దూరాన నైలు నదికి పడమటివైపు జిల్లాలో, జ్వరంతో ఉన్న ఒకావిడ నెత్తుట్లో మొదటిసారి దొరికిందట. అందుకని ఆ జిల్లా పేరే పెట్టారట.

"ఆవిడ పేరు పెట్టలేదేం?"

"నేను చదివినదాంట్లో ఆవిడ పేరే లేదు."

బాతులమ్మ "ఆవిడకి తగ్గిందో లేదో" అంది. ఆ సంగతి డాక్టరమ్మకీ తెలియదు.

జబ్బుకి పేరు తెలియడంతో కొంత మంచి జరిగింది, కొంత గొడవా జరిగింది. నీళ్ళలో లేదని, మనిషినుంచి మనిషికి ఊపిరితో రాదని ఊరంతా తెలిసింది. కాలువ తవ్వడానికి మనుషులొచ్చారు. కానీ ఈ వైరస్ అసలు ఉండేది పక్షుల్లోనని, పక్షిని కుట్టిన దోమ మనిషిని కుడితే వస్తుందని కూడా తెలిసింది. అంతే, ఒకరోజు పొద్దున్న బేకరీ ఆయన ముందుండి పదిమందిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి, గడ్డం మాసి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి.

"పక్షుల్లో ఉంటుందని మీరే చెప్పారు. మా ఇళ్ళ వెనకే మందలా పక్షుల్ని పెంచుతున్నారు. ముందు వాటిని చంపెయ్యండి" అన్నాడు.

బాతులమ్మ షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది. "అన్నయ్యా, నా మనిషి కూడా ఆ జబ్బుతోనే ఆసుపత్రిలో ఉన్నాడు" అంది.

"తెలుసమ్మా. తెలిసీ వీటిని ఎలా ముద్దు చేస్తున్నావన్నదే నాకు అర్థం కావట్లేదు."

ఆ మాట ఆమెకి సూటిగా గుచ్చుకుంది. డాక్టరమ్మ వాళ్ళని లోపల వరండాలో కూర్చోబెట్టి, బాతులన్నిటి నెత్తురూ పరీక్ష చేయిస్తానని, ఏది తేలినా దాచకుండా చెప్తానని మాటిచ్చింది.

తేలింది. చాలావాటిలో ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు నెత్తుట్లో మాత్రం వెస్ట్ నైల్‌ని ఎదిరించేవి పుష్కలంగా ఉన్నాయి.

ఆ సాయంత్రం బాతులమ్మ షెడ్డులో తిరగేసిన బకెట్టు మీద కూలబడింది. డాక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చి పక్కనే ఇటుకల మీద కూర్చుంది.

"దీన్ని చంకలో పెట్టుకుని మోశాను డాక్టరుగారూ. నా చేతులతోనే ఆయన మీదికి తెచ్చానా?"

"చేతులతో రాదు. దోమతోనే వస్తుంది."

"దీన్ని కుట్టిన దోమే ఆయన్ని కుట్టిందేమో."

"అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఈ వీధిలో పిచ్చుకలెన్ని, కాకులెన్ని! ఏ దోమ ఎవరిని కుట్టి వచ్చిందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. పక్షిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించడం కూడా కుదరదు. వైరస్ దాని కడుపులో పడి, పెరిగి, లాలాజలం దాకా రావడానికి వారం పైనే పడుతుంది. ఆలోగా అది ఎక్కడెక్కడ తిరిగిందో! నాకు తెలిసింది ఒకటే. ఇన్‌స్పెక్టరుకి వచ్చింది, తగ్గింది. ఇక దాని నెత్తుట్లో వైరస్ తిరగదు, దాన్ని కుట్టిన దోమకి ఏమీ అంటదు. మీ ఆయన సంగతీ అంతే. మనిషి నెత్తుట్లో ఇది కొద్దిగా, కొద్దిరోజులే ఉంటుంది, దోమ అందుకునేటంత ఉండదు. మనుషులూ గుర్రాలూ దానికి దారి మూసుకుపోయిన సందులాంటివాళ్ళు. లోపలికి వస్తుంది, ముందుకి పోలేదు."

"అంత నాశనం చేసి, దానికీ లాభం లేదన్న మాట."

"లేదు."

మర్నాడు అదే సంగతి డాక్టరమ్మ బేకరీ ఆయనకి చెప్పింది. ఇన్‌స్పెక్టరు విషయం దాచలేదు. పిల్లబాతుల్లో మాత్రం వైరస్ బాగా పెరుగుతుంది కాబట్టి ఇకనుంచి షెడ్డులో పిల్లబాతుల్ని ఉంచబోమని, షెడ్డంతా దోమ దూరని సన్నజాలీ బిగిస్తామని చెప్పింది. "ఎవరినో ఒకరిని చంపితే గానీ నాకు నిద్ర పట్టేట్టు లేదు డాక్టరుగారూ" అన్నాడు ఆయన. బాతులమ్మ మంచినీళ్ళిచ్చింది. జాలీ బిగించే రోజున ఆయనే నిచ్చెన పట్టుకొచ్చాడు. నిచ్చెన ఎక్కిన ఆయన్ని ఇన్‌స్పెక్టరు వెనకనుంచి పట్టుకుంటే కేక పెట్టాడు గానీ, దిగలేదు.

దర్జీ ఇంటికి వచ్చేసరికి చలికాలం వచ్చింది. కుడికాలు ఈడుస్తూ కర్రతో నడిచేవాడు. చేతివేళ్ళు వణికేవి, సూదిలో దారం పట్టదు. అన్నిటికన్నా కష్టం మాట. తలలో ఉన్న మాట నోటికి రాదు, వచ్చింది అడిగింది కాదు. కత్తెర కావాలంటే గరిటె అనేవాడు. ఒక మాట, రెండు మాటలు, అంతకుమించి అల్లిక కుదిరేది కాదు. తప్పు మాట వచ్చిందని తెలిసినప్పుడు మొహం మాడ్చుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అంతటి వాగుడుకాయ ఇంట్లో గోడగడియారం చప్పుడు వినబడసాగింది. అతని తల్లి తట్టుకోలేక, గరిటె అంటే గరిటే తెచ్చి చేతికిచ్చి, "ఇదే కావాలన్నావుగా, కత్తిరించు చూద్దాం" అనేది. ఒక్కోసారి నవ్వేవాడు. ఒక్కోసారి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

పొద్దున్న పూట ఒక్కణ్ణే ఇంట్లో వదలబుద్ధి కాక, బాతులమ్మ అతన్ని వెంట తీసుకెళ్ళి షెడ్డు బయట ఎండలో కుర్చీ వేసేది. అలవాటు కొద్దీ అతను మెడలో టేపు వేసుకునే వచ్చేవాడు. ఒకరోజు ఆమె లోపల నీళ్ళతొట్టి కడుగుతుంటే ఇన్‌స్పెక్టరు తెరిచిన తలుపులోంచి జారుకుంది. తిన్నగా కుర్చీ దగ్గరికి పోయి, టేపు కొస నోట కరుచుకుని లాగడం మొదలుపెట్టింది. దర్జీ రెండో కొస పట్టుకున్నాడు. కాసేపు ఇద్దరూ లాగారు. టేపు చిరిగిన చప్పుడయింది.

"దొంగ వెధవా, నీకు కోటు కుట్టిపెట్టిన నా టేపే తింటావా!"

బాతులమ్మ చేతిలో చీపురు జారిపోయింది. పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. అతను కూడా బిత్తరపోయి ఆమెనే చూస్తున్నాడు, ఆ మాటలు ఇంకెవరో అన్నట్టు.

"ఏమన్నారూ? మళ్ళీ అనండి, మళ్ళీ అనండి!"

అతను నోరు తెరిచాడు. రాలేదు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు వేలు చూపించి, బాగా కూడబలుక్కుని, "దొంగ... వెధవ" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. తిట్లూ, అలవాటుపడ్డ మాటలూ ఒక్కోసారి అలా వాటంతట అవే ముందు తన్నుకొస్తాయని తర్వాత ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. అది విని అత్తగారు, "అయితే రోజూ ఒకళ్ళం వాడితో తగువు పెట్టుకుందాం" అని తీర్మానించింది. ఆవిడ మాట మీద నిలబడింది కూడా. పాత వేగం రాలేదు గానీ, ఏడాది తిరిగేసరికి అతనితో కబుర్లు చెప్పొచ్చు, ఓపికుంటే.

చొక్కాలు కుట్టడం ఇక కుదరలేదు. వణికే చేతికి కాలరు వంపు లొంగదు. కానీ మిషను మీద తిన్నగా పోయే కుట్టు వేయగలడు. ఎడమ కాలితో తొక్కడం అలవాటు చేసుకున్నాడు. దోమతెరలన్నీ తిన్నని కుట్లే కదా! మొదటిది తల్లి మంచానికి కుట్టాడు. రెండోది బేకరీ ఆయన అడిగి కుట్టించుకున్నాడు. తర్వాత ఆ కాలువ వెంబడి ఉన్న ఇళ్ళలో అతని చేతి దోమతెర లేని మంచం లేకుండా పోయింది.

ఏళ్ళు గడిచాయి. ఇన్‌స్పెక్టరు ముసలిదై, ఒక మధ్యాహ్నం ఎండలో తల రెక్కలో దూర్చుకుని పడుకుని అలాగే పోయింది. డాక్టరమ్మ జుట్టు తెల్లబడింది. ఒకరోజు ఆవిడ పత్రిక ఒకటి పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. "బాతులమ్మా, విన్నావా? 'ఏ' గుంపువాళ్ళనీ 'బీ' గుంపువాళ్ళనీ ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద ఉంచాం కదా, దోమలతో తిరుగుతాయనీ, పైన కొవ్వు పొర ఉంటుందనీ. లోపల జన్యువుల అమరిక చూస్తే అసలు పొంతనే లేదట. 'బీ' వాళ్ళని వేరే కుటుంబంగా విడదీశారు. ఫ్లావి అంటారు, అంటే పసుపుపచ్చ. వాళ్ళింట్లో పెద్ద పచ్చజ్వరం కదా, దాని పేరన్న మాట."

"అన్ని కాపురాలూ ఎప్పటికైనా వేరు పడాల్సిందే" అంది బాతులమ్మ. "పొయ్యి దగ్గర తగువొచ్చుంటుంది."

ఆ తర్వాత కొత్త పరీక్షలు వచ్చాయి. వాటికి బాతు నెత్తురు అక్కర్లేదు. మిగిలిన బాతుల్ని ఏం చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు, బతికినన్నాళ్ళు షెడ్డులోనే ఉంటాయని డాక్టరమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. కొత్త పరీక్ష సరిగ్గా పని చేస్తోందో లేదో చూడటానికి పనివాళ్ళందరి నెత్తురూ తీశారు. బాతులమ్మదీ తీశారు. మర్నాడు డాక్టరమ్మ ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నీకూ వచ్చింది" అంది.

"ఏమిటీ?"

"వెస్ట్ నైల్. ఎప్పుడో వచ్చి పోయింది. అంటినవాళ్ళలో చాలామందికి అలాగే పోతుంది, వచ్చినట్టు కూడా తెలియదు. ఐదుగురిలో ఒకరికి జ్వరం. మెదడుదాకా పోయేది నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువకో."

బాతులమ్మ బాగా గుర్తుచేసుకుంది. ఆ ఏడు, భర్తని ఆసుపత్రిలో చేర్చకముందు, ఒకరోజు తలనొప్పిగా ఉండి అన్నం సయించక ఊరుకుంది. అంతే. మర్నాడు మామూలే. అదేనా? ఆ తలనొప్పేనా?

ఆ విషయం ఇంట్లో చెప్పలేకపోయింది. ఒకే దోమలు, ఒకే ఇల్లు, ఒకే మంచం. తనకి ఒక్క పూట తలనొప్పి, ఆయనకి కాలు, చెయ్యి, మాట. ఎందుకలా అని డాక్టరమ్మని అడిగితే, వయసు కొంత, ఒంటి తీరు కొంత, మిగిలింది తెలియదని చెప్పింది. చాలా రోజులు ఆమె అతని కర్ర చప్పుడు వినబడితే తల దించుకునేది. తప్పు చెయ్యలేదని తెలుసు. అయినా మొహం చెల్లేది కాదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న, అతను తెర గుడ్డ కొలుస్తుంటే రెండో చివర పట్టుకుని నిలబడి, చెప్పేసింది.

దర్జీ కొలవడం ఆపాడు. మాటలు కూడగట్టుకోవడానికి అతనికి కొంచెం సమయం పట్టేది, ఆమె ఎప్పుడూ తొందరపెట్టేది కాదు.

"నీకు... వచ్చిందా?"

"వచ్చిందట. తెలియనే లేదు."

అతని మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. "నీ దగ్గర... దానికి... మాట్లాడే సందు... దొరికి ఉండదు" అన్నాడు.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీరా నన్ననేది!" అంది. లోపలి గదిలోంచి అత్తగారు, వయసు మీదపడినా చెవులు మాత్రం పదును, "ఏమిటే ఆ నవ్వులు, నాకూ చెప్పండి" అని కేకేసింది. దర్జీ తెర గుడ్డ కొస గట్టిగా లాగి, "సరిగ్గా పట్టుకో, వంకర పోతోంది" అన్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు.

ఆమె సరిగ్గా పట్టుకుంది.